కొలబద్ద ఎవరిది?

వేర్వేరు కాలాల ప్రతిభావంతులను పోల్చటం సాధ్యమా? సాధ్యమైతే ఏ కొలబద్దతో పోల్చాలి? ఈ ప్రశ్న సాహిత్య విమర్శకులకు కొత్తది కాదు. ఐతే సాహిత్యంలో ఈ చర్చ ఎంతో సేపు నిలవదు, అభిరుచుల తగాదాగా మారిపోతుంది. అందుచేత దీన్ని అంకెలు పుష్కలంగా దొరికే రంగంలో పరిశీలించి చూద్దామనుకున్నాను. ఉత్తర అమెరికాలో మంచుమీద ఆడే ఐస్ హాకీ అటువంటి రంగం. 1917లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్‌లో ఎవరు ఎన్ని గోల్స్ వేశారో లెక్కలున్నాయి. ఇన్ని లెక్కలున్న చోట కూడా "ఫార్వర్డులలో ఎవరు గొప్ప?" అన్న తగవు తెగలేదంటే, లోపం లెక్కల్లో కాక ప్రశ్నలోనే ఉండాలి.

ముందు అంకెలు చూద్దాం. మోరిస్ రిషార్ 1944-45లో 50 ఆటల్లో 50 గోల్స్ వేశాడు. గోర్డీ హౌ 1980లో విరమించేనాటికి 801 వేశాడు. వేన్ గ్రెట్‌స్కీ 1999 నాటికి 894 వేశాడు. రష్యన్ ఆటగాడు అలెగ్జాండర్ ఓవెచ్‌కిన్ 2025 ఏప్రిల్ 6న 895వది వేశాడు. అంకెలను మాత్రమే నమ్మేవారికి చర్చ ఇక్కడితో ముగిసిపోవాలి.

కాని అంకె ఆకాశంలో పుట్టదు. రిషార్ 50 గోల్స్ వేసిన ఏడు అనేకమంది ఆటగాళ్లు యుద్ధంలో ఉన్నారు. మరోపక్క, 1967 దాకా ఆ లీగ్‌లో ఉన్నవి ఆరు జట్లే. అంటే చోటు కొద్ది, పోటీ తీవ్రం. ఇప్పుడు జట్లు 32. గ్రెట్‌స్కీ 92 గోల్స్ వేసిన 1981-82లో ఒక్కొక్క ఆటకు రెండు జట్లూ కలిసి సగటున ఎనిమిది గోల్స్ వేసేవి. ఓవెచ్‌కిన్ ఆడిన కాలంలో ఆ సగటు ఆరుకు అటూ ఇటూగానే ఉంది. రిషార్ ఎదుర్కొన్న గోలుకాపరులు ముఖానికి ఏ రక్షణా లేకుండా నిలబడేవారు. జాక్ ప్లాంట్ పట్టుబట్టి ముసుగు తొడుక్కొని ఆడింది 1959లో. ఇటువంటి గోలు ఒకటీ, అటువంటి గోలు ఒకటీ కూడి మొత్తం రెండంటే, అది కూడికే గాని జ్ఞానం కాదు.

ఇంతవరకూ వచ్చినవారు చాలామంది ఇంకొక తప్పుదారి పడతారు. "ఎవరి కాలానికి వారే గొప్ప, పోల్చటం అన్యాయం" అంటారు. ఇది ఉదారంగా కనబడుతుంది గాని, నిజానికి విమర్శకుడు తన పని మానుకోవటమే. పరిస్థితులు అవకాశమిస్తాయి, గోల్స్ వెయ్యవు. ఎనిమిది గోల్స్ సగటున్న అదే సంవత్సరం అదే మంచుమీద వందలమంది ఆడారు. 92 గోల్స్ వేసినవాడు ఒక్కడే. సమకాలికులకంటే ఎవడు ఎంత ముందుకు పోయాడు, ఆటను ఎంత మార్చాడు అనేవి కాలం మారినా అడగదగ్గ ప్రశ్నలే. ఈ లెక్కన నా తీర్పు నేను చెబుతాను. గోలు వెయ్యటంలో ఓవెచ్‌కిన్‌ను మించినవాడు లేడు. ఫార్వర్డుగా మాత్రం గ్రెట్‌స్కీయే ముందు. ఎందుచేతనంటే, తోటివారు గోలు వెయ్యటానికి అతను అందించిన సాయాలు 1,963. అతని గోల్స్ అన్నీ కొట్టేసినా, గోల్సూ సాయాలూ కలిపిన మొత్తంలో అతన్ని దాటినవాడు ఈనాటికీ లేడు. గోలు ఒక్కడి సొత్తు కాదనీ, అది సమష్టి శ్రమ ఫలితమనీ అతని లెక్కలే చెబుతున్నాయి.

ఐతే అసలు నైతిక ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఈ పద్దులో చోటే లేనివారి సంగతేమిటి?

1940లలో క్విబెక్ లీగులలో పేరు పొందిన హెర్బ్ కార్నెగీ నల్లజాతివాడు. నేషనల్ హాకీ లీగ్‌లో అతని గోల్స్ సున్నా, ఎందుచేతనంటే అందులో అతను ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు విల్లీ ఓరీ అడుగుపెట్టింది 1958 జనవరిలో. 1972లో కెనడాతో జరిగిన ఎనిమిది ఆటల పోటీలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన వలేరీ ఖార్లమోవ్‌కు కూడా ఆ పద్దులో సున్నాయే. ఆ పోటీలో అతన్ని ఆపటానికి కెనడా ఆటగాడొకడు కర్రతో అతని చీలమండ మీద కొట్టవలసివచ్చింది. ఖార్లమోవ్ సంగతిలో తప్పంతా అమెరికన్ యజమానుల మీదికి నెట్టటం నిజాయితీ కాదు. తన ఆటగాళ్లను బయటికి పోనివ్వనిది సోవియట్ ప్రభుత్వమే. 1989లో అనుమతి దొరికి వెళ్లిన సెర్గేయ్ మకారోవ్ 31వ ఏట "ఉత్తమ నూతన ఆటగాడు" బహుమతి పొందాడు. వెంటనే లీగ్ ఆ బహుమతికి వయసు నిబంధన పెట్టింది!

చేతకాక వచ్చిన సున్నా వేరు, చోటివ్వక వచ్చిన సున్నా వేరు. పద్దులో రెండూ ఒకే తీరుగా కనబడతాయి. మార్కుల పట్టీలు తయారుచేసే ఉపాధ్యాయులకూ, వాటి మీద భవిష్యత్తు నిర్ణయమయ్యే విద్యార్థులకూ ఈ తేడా నేను విడమరచి చెప్పనక్కరలేదు. పోల్చటం అన్యాయం కాదు. పోటీకి రానివ్వనివారిని ఓడిపోయినవారి కింద జమకట్టటం అన్యాయం.

చివరగా టెడ్ లిండ్సే. హౌతో ఒకే వరుసలో ఆడినవాడు. అతని గోల్స్ 379, హౌ గోల్స్‌లో సగం కన్న తక్కువ. ఆటలో హౌయే గొప్ప, అందులో వివాదం లేదు. ఐతే 1957లో ఆటగాళ్ల సంఘం పెట్టటానికి ముందు నిలిచినవాడు లిండ్సే. తమ పింఛను నిధి లెక్కలు చూపమన్నారు వాళ్లు. అంతకుముందెన్నడూ ఆడనంత బాగా ఆడిన ఏడే యజమానులు అతన్ని డెట్రాయిట్ నుంచి, లీగ్‌లో అట్టడుగునున్న చికాగో జట్టుకు తోసేశారు. సంఘం కూలింది. పది సంవత్సరాల తరవాత, 1967లో, మళ్లీ లేచింది. 2010లో, తోటి ఆటగాళ్లే ఎన్నుకునే ఉత్తమ ఆటగాడి బహుమతికి లిండ్సే పేరు పెట్టారు.

పరిస్థితులే సర్వమూ అనేవారికి లిండ్సే ఒక జవాబు. హౌకున్న పరిస్థితులే అతనికీ ఉన్నాయి. వాటికి లొంగటమా, వాటిని మార్చటమా అన్నది అతను తేల్చుకున్నాడు. దొరికిన పరిస్థితుల్లో అందరికంటే బాగా ఆడటం ఒక గొప్పతనం. తరవాతివారు మెరుగైన పరిస్థితుల్లో ఆడేటట్టు చెయ్యటం మరొక గొప్పతనం. మొదటిదానికి పద్దులో అంకె ఉంది. రెండోదానికి లేదు. లేనంత మాత్రాన దాన్ని లెక్కలోంచి తీసివేసే కొలబద్ద, ఎంత నిష్పక్షపాతంగా కనబడినా, యజమానుల కొలబద్దే.