చిరునామా ఉన్నది, తలుపు తెరచి యున్నదా?

ధ్యాన వాక్యభాగము: మత్తయి 2:1–12



గత వేసవిలో మేము యానాములో మా కుమార్తె యింట ఉన్నప్పుడు మిక్సీ చెడిపోయినది. సర్వీసు సెంటరు ఎక్కడున్నదో కంపెనీవారి వెబ్‌సైటులో వెదకితిమి. రాష్ట్రము పేరు అడిగినది. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది గనుక "పుదుచ్చేరి" అని నొక్కితిమి. వచ్చిన చిరునామాలన్నియు వందల కిలోమీటర్ల దూరమందున్న పుదుచ్చేరి పట్టణములోనివే! మా మనుమరాలు నవ్వి, "తాతయ్యా, పిన్‌కోడు కొట్టి చూడు" అన్నది. 533464 అని కొట్టగానే కాకినాడ సెంటరు కనబడినది. సుమారు 30 కిలోమీటర్లే! యానాము పరిపాలనలో పుదుచ్చేరిదే గాని, దాని పిన్‌కోడు తూర్పు గోదావరి వరుసలోనిది. యంత్రము అబద్ధమాడలేదు. మేము ఏ పేరు క్రింద వెదకితిమో ఆ పేరు క్రింద ఉన్నవే చూపినది.

తూర్పుదేశపు జ్ఞానులకును ఇట్లే జరిగినది. రాజు పుట్టెను గనుక రాజధానిలోనే ఉండునని తలంచిరేమో, యెరూషలేమునకు వచ్చిరి. అక్కడ వారికి కనబడినవాడు హేరోదు. రక్షకుడైతే సుమారు 9 కిలోమీటర్ల దూరమున, చిన్న ఊరైన బేత్లెహేములో ఉండెను. మనమును ఆశీర్వాదమును పెద్ద జీతము, పెద్ద పేరు అను మాటల క్రింద వెదకుచు, చేరువలోనున్న ప్రభువును దాటిపోవుట లేదా? అయితే జ్ఞానులు తమ పొరపాటుతో ఆగిపోలేదు. అడిగిరి, వాక్యము విని నడచిరి, కనుగొనిరి.

శాస్త్రుల సంగతి వేరు. మీకా 5:2 వారికి తెలియును. సరియైన చిరునామా చెప్పిరి. కాని వారిలో ఒక్కడైనను బేత్లెహేమునకు వెళ్లినట్లు మత్తయి వ్రాయలేదు.

ఇక మా సంగతి చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. కర్ణాటకలోని మా సంఘము అద్దె హాలు విడిచి సొంత మందిరమునకు మారి నాలుగేండ్లయినను, ఫోనులో వెదకినవారికి పాత హాలే కనబడుచుండెను. మార్పించుట ఎవరి పనియు కాలేదు. శ్రీకాకుళమునుండి కట్టడపు పనికి వచ్చిన ఒక కుటుంబము దానిని చూచి ఆదివారమున వెళ్లగా, తాళము కనబడినది. ఈ ఊరిలో తెలుగు ఆరాధన లేదనుకొని వారు తిరిగిపోయిరి. ఏడు నెలల తరువాత కూరగాయల బజారులో మా తెలుగు విని పలుకరించిరి. ఆ నెలలలోనే వారి వృద్ధురాలైన తల్లి ప్రభువునందు నిద్రించగా, తెలుగులో ప్రార్థించువారు లేకయే సమాధి చేసిరట. ఆమె మమ్మును వెదకినది. మేము దొరకలేదు.

ప్రియులారా, వలస వచ్చినవారి బాధ మనకు తెలియనిది కాదు. మనమును ఒకప్పుడు క్రొత్త ఊరిలో మన భాష కొరకు చెవి యొగ్గినవారమే. ఈ వారమే మీ సంఘపు చిరునామా, ఫోను నంబరు, ఆరాధన సమయము సరిగా ఉన్నవో లేవో చూడుడి. ఆ పని ఒక యౌవనస్థునికి అప్పగించుడి. ఆదివారము అరగంట ముందే ఒకరు గుమ్మమునొద్ద నిలువుడి. క్రొత్తవారు వచ్చిన యెడల పేరు వ్రాసికొని పంపివేయక, భోజనమునకు ఇంటికి పిలువుడి.

దేవుడు మనలో ఎవనికిని దూరముగా లేడని పౌలు ఏథెన్సులో బోధించెను (అపొ. కార్య. 17:27). ఆయనను వెదకువారికి మన మూసిన తలుపు అడ్డము కాకుండును గాక. ఆమేన్.