పరభాషలో ఆత్మపరిచయము

తన్ను తాను పొగడుకొనుట దోషమని మన పెద్దలు తరతరములుగా బోధించిరి. మహాభారతమున కర్ణపర్వములో, అన్నగారిని దూషించిన పాపమునకు ప్రాణత్యాగము చేయ సిద్ధపడిన అర్జునునితో శ్రీకృష్ణుడు, నీ గుణములను నీ నోటనే కీర్తించుకొనుము, ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానము గనుక అదియే నీకు చాలునని చెప్పెను. అట్టి సంస్కారమున పెరిగిన పిల్లను నేడు విదేశపు ఆసుపత్రివారు కంప్యూటరు తెరమీద పలుకరించి, నిన్నే ఎందుకు తీసికొనవలెనో చెప్పుమందురు. అదియు తమ భాషలోనే చెప్పుమందురు. ఇట్లు చెప్పుకొనుట ధర్మమా కాదా అను ప్రశ్న మఠములలోనే కాదు, అనకాపల్లి జిల్లా దేవరాపల్లిలో నర్సింగు చదివిన పిల్ల ఇంటిలోను పుట్టుచున్నది.

ఈ ప్రాంతమువారికి పరదేశగమనము క్రొత్త గాదు. పూర్వము విశాఖ, గోదావరి జిల్లాలనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూనునకు, అనగా మనవారు 'రంగము' అని పిలుచుకొనిన నగరమునకు, పోయి రేవులోను బియ్యపు మిల్లులలోను చెమటోడ్చిరి; 1942లో జపానుసేనలు బర్మాపై పడినప్పుడు అనేకులు అడవిదారులవెంట నడిచి తిరిగివచ్చిరి. ఆ కూలికి యజమాని భాష తెలియనవసరము లేకపోయెను. అతని బదులు మేస్త్రి మాటలాడెడివాడు, అందులకు ప్రతిఫలముగా కూలిలో పాలు తీసికొనెడివాడు. ఇప్పుడట్లు గాదు. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు పొందుటకు సాధారణముగా బి2 స్థాయి జర్మనుభాష రావలెను. జపాను 2019 ఏప్రిలులో ప్రారంభించిన ప్రత్యేక నైపుణ్య వీసాపై వృద్ధుల సేవకు పోవువారికి ఆ దేశభాషలో పరీక్ష కలదు, ఆ వీసా విషయమున 2021 జనవరిలో మన దేశమును ఒప్పందము చేసికొనినది. దేవరాపల్లి చెంతనున్న రైవాడ జలాశయపు నీటివలె మొదట విశాఖపట్నము చేరి, అచ్చట భాష నేర్చి, ఎవరి నోరు వారే తెరవవలసిన కాలమిది.

అయినను మేస్త్రి పూర్తిగా తొలగిపోలేదు, నోటుపుస్తకములో ప్రవేశించినాడు. 'ఇష్ ఆర్బైటె గేర్న్ ఇమ్ టీమ్' అని, అనగా నలుగురితో కలిసి పనిచేయుట నాకిష్టమని, తెలుగు లిపిలో వ్రాసికొని వల్లెవేయు పిల్లను ఊహింపుడు. ఆ వాక్యమున తప్పు లేదు, అబద్ధమును లేకపోవచ్చును. కాని భర్తృహరి వాక్కునకు పశ్యంతి, మధ్యమ, వైఖరి యని చెప్పిన దశలలో వైఖరి, అనగా పైకి వినబడు పలుకు, ఒక్కటియే అచ్చట ఉన్నది. లోన చూచినది ఏమియు లేదు. ఇంతలో అవతలివారు, మంచము దిగలేని వృద్ధునికి పుండ్లు పడకుండ ఏమి చేయుదువని అడుగుదురు. పుస్తకమున ఆ పుట లేదు. ఆమె తడబడి, "రెండు గంటలు. తిప్పుతాను. వీపు చూస్తాను, మడమ చూస్తాను. ఎర్రగా ఉంటే, చెబుతాను" అనును. వ్యాకరణము కుంటినది. కాని చేసిన చేతులు ఆ ముక్కలలో కనబడుచున్నవి. విశేషణములకు చాలినంత భాష ఆమెకు లేదు; క్రియలకు మాత్రము చాలినది. విశేషణము లేనిచోట ఆత్మస్తుతికి తావెక్కడిది?

లంకలో హనుమంతుని వర్తనము ఇచ్చట స్మరణీయము. శింశుపావృక్షముపై కూర్చుండి, ద్విజునివలె సంస్కృతము పలికినచో సీత తన్ను రావణుడని భ్రమించి భయపడునని తలపోసి, ఆమెకు బోధపడు మానుషవాక్యమునే ఎన్నుకొనెను. తన్నుగూర్చి గాక మొదట రామకథ చెప్పెను. పిదప వానరసేనను వర్ణించునపుడు, అందు తనకంటె అధికులును సమానులునే గాని తక్కువవారు లేరనెను. అంతటి పండితుడు భాషను ఎన్నుకొనినది వినువారి భయము తీర్చుటకు.

కావున ముక్కలమాటలతోనే సరిపుచ్చుకొనవచ్చునని నేననుట లేదు. నొప్పి ఎచ్చట పొడుచుచున్నదో, ఏ మందు పడదో రోగి తన తల్లిభాషలోనే చెప్పుకొనును. అది వినలేని నర్సు ఎంత నేర్పరియైనను అపాయకారిణియే. ఇంటర్వ్యూలో తన్ను పొగడుకొనుటకై నేర్చిన భాష ఉద్యోగము రాగానే వాడిపోవును. రాత్రివేళ పిలుచు పరాయి ముసలివాని పిలుపునకు బదులు పలుకుటకై నేర్చిన భాష దినదినము పెరుగును. మొదటిది అహంకారమునకు అలంకారము, రెండవది సేవలో భాగము.

ప్రశ్నించువానికిని ధర్మము కలదు. ఉచ్చారణదోషములు లెక్కించుట సులభము. చేసిన పనిని గుర్తించుటకు ఓర్పు వలయును. ఆ పిల్ల రెండు మూడేండ్లు కష్టపడి అతని భాషలోనికి నడిచి వచ్చినది. ఆమె వాక్యము ముగియువరకు ఆగి వినుట అతడు చేయవలసిన కనీసపు మర్యాద. అట్లు వినువాడు దొరకినపుడు తన పనిని ఉన్నదున్నట్లు చెప్పుకొనుట ఆత్మస్తుతి కానేరదు. అది సాక్ష్యము పలుకుట, సాక్షి తనకు తెలిసినది దాచుటయే దోషము.