పాపమా, పస్తులా?

దర్శి నియోజకవర్గంలో, దొనకొండ మండలం చందవరం దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక గుట్ట ఉంది. దాని మీద శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం 1964లో వెలుగు చూసింది. ఆ స్తూపాన్ని నిలిపిన ధర్మం, రోగం గురించిన ఒక సూటి ప్రశ్నకు ఏనాడో జవాబిచ్చింది. శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగాడు: మనిషి పడే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా? కాదన్నాడాయన. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలిసి వికటించడం, రుతువులు మారడం, ఒంటిని పట్టించుకోకపోవడం, బయటి నుంచి తగిలే దెబ్బ అని ఏడు లెక్కపెట్టాకే ఎనిమిదోదిగా కర్మను చెప్పాడు.

టీబీ సోకిన ఇంట్లో ఇప్పటికీ వినిపించేది ఆ ప్రశ్నే. మిరప కోతల రోజుల్లో దగ్గొస్తే కళ్లంలో ఘాటేలే అనుకోవడం సులువు. రెండు వారాలు దాటి, సాయంత్రం జ్వరం తగిలి, ఒళ్లు తగ్గి, తెమడ పరీక్షలో సంగతి తేలాక నోటికొచ్చే మాట “ఏ జన్మలో ఏ పాపం చేశానో” అనేదే. పెళ్లి కావలసిన పిల్ల ఉంటే ఆ మాట కూడా గడప దాటదు.

ఆ మాటకు పురాణం బలమిచ్చింది. రోహిణి మీదే మనసు పెట్టి మిగతా భార్యలను అలక్ష్యం చేసినందుకు చంద్రుడు దక్షుడి శాపానికి గురయ్యాడనీ, రాజయక్ష్మ, అంటే క్షయ, అలా వచ్చిందనీ కథ. చరక సంహిత కూడా ఆ కథ చెబుతుంది. అయితే అక్కడితో ఆగదు. శక్తికి మించిన శ్రమ, ఒంటి వేగాలను బిగబట్టడం, ధాతువులు క్షీణించడం, వేళాపాళా లేని తిండి అని నాలుగు కారణాలు చూపుతుంది. మనం శాపాన్ని గుర్తుపెట్టుకుని చాకిరీనీ తిండినీ మరిచిపోయాం.

రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న టీబీ బ్యాక్టీరియాను లోకానికి చూపించాడు. అది మన ఒంట్లో ఏం తిని బతుకుతుందో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఎలుకల ఊపిరితిత్తుల నుంచి తీసిన బ్యాక్టీరియా చక్కెర కంటే కొవ్వు ఆమ్లాలనే ఇష్టంగా వాడుకుంటోందని సీగల్, బ్లాక్ 1956లో గమనించారు. 1998లో దాని జన్యుక్రమం పూర్తిగా చదివాక ఆ సంగతి ఇంకా స్పష్టమైంది. మన పేగుల్లో ఉండే ఇ.కోలైకి కొవ్వుల పని చూసే ఎంజైములు సుమారు 50 ఉంటే, దీనికి 250 దాకా ఉన్నాయి. 2008 నాటికి మరో సంగతి తేలింది: క్రిములను మింగి చంపవలసిన మాక్రోఫేజ్ కణంలోనే ఇది కాపురం పెట్టి, ఆ కణంలోని కొలెస్ట్రాల్‌ను కూడా తింటుంది. ఇ.కోలై 20 నిమిషాలకొకసారి రెండుగా చీలితే, దీనికి దాదాపు 20 గంటలు కావాలి. ఆక్సిజన్ తగ్గితే జీవక్రియను అట్టడుగుకు దించేసి, ఏళ్ల తరబడి కాచుకుని ఉండగలదు. మందులను నెలల తరబడి మింగించడానికి ఈ నిదానమే ముఖ్య కారణం.

ఇందులో పాపపుణ్యాల లెక్క ఎక్కడుంది? అది కూడా ఒక ప్రాణి, ఆకలి తీర్చుకుంటోంది.

ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ బ్యాక్టీరియా సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మందే. ఎవరు పడతారన్నది చాలావరకు ఒంటి బలం మీద ఆధారపడుతుంది. చాలీచాలని తిండి, షుగరు, హెచ్ఐవీ, పొగాకు ఆ బలాన్ని దెబ్బతీస్తాయి. దర్శికి పడమట, మార్కాపురం పలకల పనిలో రాయి కోసేటప్పుడు లేచే సిలికా ధూళి నేరుగా మాక్రోఫేజ్ కణాలనే పాడు చేస్తుంది. ఆ ధూళి పీల్చిన కూలీని పూర్వజన్మ గురించి నిలదీయడం అన్యాయం. నిలదీయవలసింది గాలిలోకి ధూళి వదిలిన వాళ్లను.

తిండి సంగతి ఇప్పుడు ఊహ కాదు. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో మిగతావారికి నెలనెలా బియ్యం, కందిపప్పు, సూక్ష్మపోషకాలు ఇచ్చి చూశారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా జబ్బు పడినవారు 39 శాతం తగ్గారని 2023లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చింది. చికిత్సలో ఉన్నవారికి నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చి, 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేసింది. పప్పూ గుడ్లూ కొనడానికి ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. అయినా అది రోగం వేరును సరిగ్గా పట్టుకుంది.

ఒక చిక్కు మిగిలే ఉంది. ఒకే పొయ్యి మీద వండింది తిని, ఒకే గదిలో పడుకున్న అన్నదమ్ముల్లో ఒకడికి జబ్బు చేస్తుంది, రెండోవాడికి చేయదు. ఈ తేడాను జన్యువులతో కొంత, సోకిన మోతాదుతో కొంత వివరించగలుగుతున్నారు, అంతా కాదు. మిగిలిన ఆ కాస్త చోటును కర్మకు వదిలిపెట్టాలనుకునేవారు వదలవచ్చు, బుద్ధుడూ దాన్ని జాబితాలోంచి కొట్టివేయలేదు. కానీ ముందున్న ఏడింటినీ విచారించకుండా ఎనిమిదోదాని దగ్గరికి పోయే హక్కు ఎవరికీ లేదు. ముఖ్యంగా మంచం పట్టినవాడి తలగడ పక్కన కూర్చున్నప్పుడు.