నడిపించేవాడు లేని క్రమం

జడమైన పరమాణువులు తమంతట తాము కూడి ప్రపంచాన్ని కట్టలేవనీ, వాటిని కదిలించే చేతనుడు ఒకడు ఉండి తీరాలనీ పదో శతాబ్దంలో ఉదయనాచార్యుడు వాదించాడు. ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుణ్ణి సాధించడానికి ఆయన చూపిన హేతువుల్లో ‘ఆయోజనం’ అంటే ఇదే. న్యాయదర్శనానికి చెందిన నైయాయికుల పాత దృష్టాంతంలో వడ్రంగి పట్టనిదే బాడిస చెక్కదు. ఈ వాదాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు దాన్ని సరిగా చదవలేదనే నా అభిప్రాయం. అయినా, జడపదార్థం నుంచి క్రమం పుట్టాలంటే వెనక ఒక బుద్ధి పనిచేయాలన్న దాని పునాది వాయువుల దగ్గరికి వచ్చేసరికి నిలవదు.

1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన ప్రయోగం చూడండి. కొక్కెంలా వంచిన గాజు గొట్టం, పొట్టి కొస మూసి ఉంటుంది. పొడుగు కొసలోంచి పాదరసం పోస్తున్నకొద్దీ అవతల చిక్కుకున్న గాలి కుంచించుకుపోతుంది. రెండు మట్టాల మధ్య తేడా సుమారు 29 అంగుళాలయ్యేసరికి, అంటే వాతావరణ పీడనానికి మరో అంత తోడయ్యేసరికి, గాలి సగం చోటులోకి ఒదిగింది. ఉష్ణోగ్రత మారనంతవరకూ పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది ఒకటే. వేడి సంగతి 1802లో గే-లుసాక్ తేల్చాడు. పీడనం మారకపోతే, ఏ వాయువైనా డిగ్రీ సెల్సియస్‌కు సున్నా డిగ్రీల నాటి ఘనపరిమాణంలో దాదాపు 273వ వంతు వ్యాకోచిస్తుంది.

ఈ లెక్క తప్పకుండా ఎవరు చూస్తున్నారు? 1738లోనే డానియల్ బెర్నూలీ దారి చూపాడు. పీడనమంటే కణాలు గోడలకు తగలడమే. చోటు సగమైతే తగలడం రెట్టింపవుతుంది. వేడెక్కితే కణాల వేగం పెరిగి దెబ్బ గట్టిగానూ తరచుగానూ పడుతుంది. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక్క ఘన సెంటీమీటరులో సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు, సెకనుకు దాదాపు అర కిలోమీటరు వేగంతో, ఎటు పడితే అటు పరుగెడుతుంటాయి. వాటిలో ఏ ఒక్కదానికీ పీడనం పట్టదు. విడి అణువుకు ఉష్ణోగ్రత అనేదే లేదు, అది గుంపుకు మాత్రమే ఉండే గుణం. ఆ అల్లకల్లోలం నుంచే బాయిల్ కొలిచిన నియమం పుడుతోంది. అధిక పీడనంలో ఆ నియమం తప్పుతుంది నిజమే. ఆ తప్పుకు కారణం కూడా అణువుల పరిమాణంలోనూ పరస్పరాకర్షణలోనూ ఉందని 1873లో వాన్ డర్ వాల్స్ చూపించాడు. తప్పినప్పుడూ బయటి చెయ్యి అవసరపడలేదు.

ఉదయనుడు మాట్లాడింది సృష్ట్యాది గురించి కదా, ఇప్పటి గాలి గురించి కాదు కదా అని ఆక్షేపించవచ్చు. న్యాయమైన మాటే. మొదటి కదలిక ఎక్కడిదో వాయువు చెప్పదు. కానీ ఆ మొదటి కదలికకు చేతనుడు కావాలని ఆయన ఊహించింది, జడం ఎక్కడా తనంతట క్రమాన్ని ఇవ్వదన్న వ్యాప్తి (మినహాయింపు లేని నియమం) మీద ఆధారపడి. ఆ వ్యాప్తికి ఇక్కడ వ్యభిచారం, అంటే మినహాయింపు, కనిపిస్తోంది. తార్కికులే ఒప్పుకునే దోషమిది.

ఇంకా బలమైన ఆక్షేపణ మరొకటుంది. అణువులు గతినియమాలకు లోబడే ఢీకొంటున్నాయి కాబట్టి, క్రమాన్ని ముందే లోపల పెట్టుకుని మళ్లీ బయటికి తీసి చూపుతున్నామంటారు. ఇది పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అప్పుడు ప్రశ్న మారిపోయింది. ఈ అణువును ఇటు, ఆ అణువును అటు తోలే అధిష్ఠాత గురించి కాక, అసలు నియమాలు ఎందుకున్నాయన్నదాని గురించి అడుగుతున్నాం. అణువుల వేగాల పంపకాన్ని 1860లో లెక్కగట్టిన మాక్స్‌వెల్ గాఢమైన దైవభక్తుడు. 1873లో బ్రాడ్‌ఫర్డ్ ఉపన్యాసంలో ఆయన సృష్టికర్తకు సాక్ష్యంగా తీసుకున్నది అణువుల పరుగును కాదు, ఒకే రకం అణువులన్నీ అచ్చంగా ఒక్కలా ఉండటాన్ని. వాయు క్రమానికి కారణం తన చేతిలోనే ఉందని తెలిసినవాడు కనుకనే ఆయన సాక్ష్యాన్ని మరోచోట వెతికాడు.