అయిదు పూసల పాఠం: సండే స్కూలు నేర్పబోయే వారికి ఒక లేఖ



వేసవి సెలవుల్లో జరిగే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతుల్లో పిల్లల చేత చేయించే పనుల్లో రంగుపూసల బ్యాండు ఒకటి. అయిదు రంగుల పూసలు, ఎలాస్టిక్ దారం, కత్తెర ఉంటే చాలు. ఖర్చు తక్కువ. చదవడం ఇంకా రాని పిల్లలకూ పాఠం అందుతుంది.

దీనికి మూలం అక్షరాలు లేని ఒక చిన్న పుస్తకం. 1866 జనవరి 11న లండన్‌లో బోధకుడు స్పర్జన్ దాని గురించి ప్రసంగించాడు. అప్పటికి అందులో నలుపు, ఎరుపు, తెలుపు పుటలే ఉండేవి. 1875లో సువార్తికుడు డి.ఎల్. మూడీ బంగారు రంగు చేర్చాడు. ఆకుపచ్చ తర్వాత వచ్చింది. ఆ రంగులే పూసల్లోకి దిగాయి. నలుపు పాపానికి, ఎరుపు క్రీస్తు రక్తానికి, తెలుపు శుద్ధమైన హృదయానికి, ఆకుపచ్చ విశ్వాసంలో ఎదుగుదలకు, బంగారు రంగుకు బదులు వాడే పసుపు పరలోకానికి గుర్తు.

వస్తువును చూపి విశ్వాసం నేర్పడం బైబిలులో ఉన్నదే. ఆజ్ఞలు గుర్తుండేలా బట్టల అంచులకు కుచ్చులు కట్టి, వాటికి నీలి దారం చేర్చుకోవాలని సంఖ్యాకాండం 15వ అధ్యాయం చెబుతుంది. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నుంచి 12 రాళ్లు తెచ్చి నిలబెడతారు. అవేమిటని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జరిగింది చెప్పాలి. వస్తువు ప్రశ్న పుట్టించేంతవరకే; జవాబు పెద్దల బాధ్యత.

అయిదు రోజుల తరగతుల్లో రోజుకో పూస ఎక్కించడం మంచి పద్ధతి. మణికట్టు చుట్టుకొలత కన్నా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువగా దారం కత్తిరించి, ఒక కొసకు టేపు అంటిస్తే పూసలు జారిపోవు. పూస చేతికిచ్చే ముందే దాని వాక్యం చదవాలి: ఉదాహరణకు, తెలుపుకు 51వ కీర్తన, ఆకుపచ్చకు రెండో పేతురు పత్రిక చివరి వచనం. చివరి రోజున దారం కొంచెం లాగి, రెండు మూడు ముళ్లు బిగించాలి. మూడేళ్లలోపు పిల్లలకు పూసలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. యువతీయువకులైతే వాక్యాన్ని తామే ఎంచుకుని, చిన్నవాళ్లకు వివరించాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. తెలుగు ఇళ్లలో నల్లపూసలు మంగళకరం. పైగా ఒంటి రంగును బట్టి పిల్లల్ని ఎగతాళి చేసే పాడు అలవాటు మన మధ్య ఉంది. అందుకే నలుపు చెడ్డ రంగని చెప్పకూడదు. వెలుగు లేని చీకటికి గుర్తని చెప్పాలి. బ్యాండు తాయెత్తు కాదు. అది కాపాడుతుందనే భావన కలగనివ్వకూడదు. నగలు పెట్టుకోని సంఘాల పిల్లల చేత అవే పూసలతో బైబిల్లో పెట్టుకునే గుర్తుదారం చేయించవచ్చు. ఇతర మతాల ఇళ్లనుంచి వచ్చే పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. కానుక ఆశ చూపి నమ్మకం నేర్పడం తగదు.

బ్యాండు తెగిపోయినా, అయిదు రంగుల అర్థం పిల్లవాడు సొంత మాటల్లో చెప్పగలిగితే పాఠం నిలిచినట్టే. కాబట్టి తరగతిలో పూసలు గుచ్చడానికి కొంత సమయం, మాట్లాడుకోవడానికి అంతకు రెట్టింపు సమయం ఉంచాలి.