ప్రజాదరణ – కళావిలువ

విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసే మిత్రుడొకరు ఆ మధ్య నన్ను నిలదీశారు. "కళ ప్రజల కోసమే అంటారు గదా మాస్టారూ! ఆ ప్రజలే టిక్కెట్టు కొని మెచ్చుకున్న సినిమాను చవకబారుదంటారేటి? మాకు తెలీదనా?"

ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన అభ్యుదయ విమర్శకుణ్ణి నేనింకా చూడలేదు. ప్రజలను నమ్ముతామంటూనే వారి అభిరుచిని ఈసడించడం మనలో చాలామందికి అలవాటు.

విజయా వారి తొలి చిత్రం 'షావుకారు' 1950లో వచ్చింది. ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య పొరపొచ్చాల కథ, డబ్బు రాలేదు. మరుసటి ఏడు అదే సంస్థ 'పాతాళభైరవి' తీస్తే జనం విరగబడి చూశారు. జనానికి మాయలూ మంత్రాలే కావాలని పెద్దమనుషులు తేల్చేశారు. ఇది అన్యాయం. కె.వి. రెడ్డి కథ నడిపిన బిగువు సామాన్యమైనదా? తోటమాలి కొడుకు రాకుమారిని చేపట్టే కథను కష్టజీవులు మెచ్చుకుంటే అందులో తెలివితక్కువ ఏమున్నది? అంతమాత్రాన 'షావుకారు' విలువ తగ్గలేదు. కథానాయిక జానకి ఈనాటికీ షావుకారు జానకే.

మన విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన 'మరో చరిత్ర' సంగతి చూడండి. 1978 నాటికి రంగుల చిత్రాలు రాజ్యమేలుతున్నాయి. ఇది నలుపు తెలుపు చిత్రం. కథానాయిక సరితకు ఇదే మొదటి సినిమా. అయినా మద్రాసులో సైతం తెలుగులోనే 500 రోజులకు పైగా ఆడింది. భాష తెలియని ఇద్దరు ఒకరినొకరు తెలుసుకునే సన్నివేశాల్లో బాలచందర్ చూపిన చనువు, చిలిపితనం నిజమైన కళ. చివర ఆ ప్రేమికులను చంపిన తీరు మాత్రం, నా మట్టుకు నాకు, కన్నీటి కోసం పన్నిన వలలాగే కనిపిస్తుంది. ఆ 500 రోజులు ఈ రెంటిలో దేనికి పడిన ఓటు?

బుకింగు కిటికీ చెప్పలేనిది ఇదే. పైగా టిక్కెట్టు సినిమా చూడకముందే కొంటాం. ఊళ్లో ఏ బొమ్మ ఆడాలో, ఎన్ని హాళ్లలో ఆడాలో నిర్ణయించేది షిఫ్టు దిగి క్యూలో నిలబడ్డ మనిషి కాదు. పంపిణీదారూ, హాలు యజమానీ. ఉన్నవాటిలో ఒకటి ఎంచుకున్నవాణ్ణి, ఇదేనా నీ అభిరుచి అని వెక్కిరించడం తగదు. వచ్చిన వసూళ్లను చూపి ఇదే ప్రజల తీర్పు అనడమూ తగదు.

ఇదంతా చెబితే మిత్రుడు తలూపి, "బాగుంది. మరి ఆడని సినిమాను మీరు పొగిడినప్పుడు, అది మాకెందుకు ఎక్కలేదో ఎవరినైనా అడిగారా?" అన్నారు.

'షావుకారు' మీద నేను లోగడ రెండు వ్యాసాలు రాశాను. రెంటిలోనూ ఆ ఊసు లేదు.