విషయం కోసం వెళ్ళకు

చిరంజీవి అమ్మలుకి,


నీ బొమ్మ మొదటిసారి అమ్ముడుపోయిందని తెలిసిన సాయంత్రమే మీ అత్తయ్య వీధంతా చాటి వచ్చింది. ఇప్పుడు ఆ డబ్బు ఏం చేయాలన్నది నీ ప్రశ్న. యూరప్ టూరు కరపత్రం కూడా పంపావు: పన్నెండు రోజులు, ఏడు దేశాలు, అందులో పారిస్‌కి ఒకటిన్నర రోజు. "వేయడానికి విషయాలు దొరకడం లేదు మామయ్యా, నాలుగు ఊళ్ళు తిరిగితే దొరుకుతాయంటున్నారు" అని రాశావు. తిరగమనే నేనూ అంటాను. విషయాలు దొరుకుతాయని మాత్రం అనను.

విషయానికి కరువేముంది? మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన ఒక్కడు చాలు, ఏడాది పాటు వేయొచ్చు. కరువు వచ్చేది చేతికి. నాలుగేళ్ళ కాలేజీలో చెయ్యి ఒక దారికి అలవాటు పడిపోతుంది. ముక్కు ఇలాగే వేస్తుంది, నీడ ఇటే పడేస్తుంది, ఆకాశం వచ్చేసరికి అదే నీలం పిండుతుంది. ఎదురుగా ఏమున్నా సరే, తనకు వచ్చిందే వేస్తుంది. అప్పుడు మనకు విసుగొచ్చి విషయం మీదికి తోసేస్తాం. అలాంటి చెయ్యి వెంటబెట్టుకుని ఏడు దేశాలు తిరిగినా ఒకటే బొమ్మ వేసుకొస్తావు, వెనకాల ఈఫిల్ టవర్ ఉంటుంది, అంతే.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ సంగతే చూడు. బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో చదువుకుని, 1934 చివర్లో మన దేశం వచ్చేసింది. సిమ్లాలో ఉండి కొండ మనుషుల్ని వేసింది. అంటే విషయం అప్పటికే ఎదురుగా ఉంది. పారిస్ పాఠం మాత్రం చేతిని ఇంకా పూర్తిగా వదల్లేదు. 1936 చివర్లో దక్షిణాదికి బయలుదేరింది. అజంతా, ఎల్లోరా చూసి, మన హైదరాబాదు మీదుగా కిందికి దిగి, కన్యాకుమారి, కొచ్చిన్ దాకా వెళ్ళింది. కొచ్చిన్‌లో మట్టాంచేరి రాజభవనం గోడబొమ్మల ముందు కూర్చుని నకళ్ళు గీసుకుంది. పారిస్‌లో బంగారు పతకం అందుకున్న మనిషి అమ్మలూ, కొత్తగా బళ్ళో చేరిన పిల్లలాగా నకళ్ళు! తిరిగి సిమ్లా వెళ్ళాక 1937లో వేసినవే పెళ్ళికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు వెళ్ళే దక్షిణాది పల్లెజనం. ఆ మూడింట్లో ఉన్నది దక్షిణాది మనుషులే, కాదనను. అయితే నల్లటి ఒంటి పక్కన తెల్లపంచెని ఎలా నిలబెట్టాలి, ఐదుగురు కూర్చుంటే వాళ్ళ మధ్య ఎంత ఖాళీ వదలాలి అన్న లెక్క ఆ గుహల్లో, ఆ గోడల ముందు కుదిరిందని నా నమ్మకం.

ఇంతకంటే దగ్గరి కథ ఒకటుంది. లక్ష్మాగౌడ్ గారిది మెదక్ వైపు నిజాంపూర్. మేకలు, చెట్లు, పల్లె ఆడామగా పుట్టినప్పటి నుంచీ ఆయన కళ్ళెదుటే ఉన్నారు. వాళ్ళను బొమ్మ కట్టడానికి ఆయన బరోడా వెళ్ళాల్సి వచ్చింది! 1960లలో అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర గోడబొమ్మల పనీ అచ్చుబొమ్మల పనీ నేర్చుకుని వచ్చాకే ఆ మేకలు ఎచింగ్ రేకు మీదికి ఎక్కాయి. తోట వైకుంఠం గారిదీ అదే బరోడా, అదే గురువు. తిరిగొచ్చి వేసింది తెలంగాణ ఆడవాళ్ళ బొట్టు, ముక్కుపుడక, చీర అంచు. బరోడా వెళ్ళి వీళ్ళు బరోడాని తెచ్చుకోలేదు చూడు.

పారిస్ సంగతికొస్తే, చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్, లండన్ దాటి పారిస్ చేరారు. అక్కడ హేటర్ నడిపే ఆతెల్యే 17 అనే అచ్చుబొమ్మల పనిశాలలో ఏళ్ళ తరబడి చేతులు మసి చేసుకున్నారు. ఒకే రేకు మీద రకరకాల లోతులు చెక్కడం, ఒక రంగులో నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ కలపడం, మెత్తటి రోలరు లోతుల్లోకి దిగితే గట్టి రోలరు పైపైన పోయేలా పూయడం. రంగులు ఒకదాన్నొకటి తోసుకుని ఎవరి చోట అవి నిలుస్తాయి, ప్రెస్సులో ఒక్కసారి పెడితే అన్నీ కలిసి కాగితం మీద పడతాయి. ఈ పద్ధతిని తయారుచేసిన వాళ్ళలో ఆయన ఒకరు. ఒకటిన్నర రోజు పారిస్‌లో ఇది దొరుకుతుందా?

అందుకని ఏడు దేశాలు వద్దు. ముందు లేపాక్షి వెళ్ళు. హిందూపురం దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. గుడికి వచ్చినవాళ్ళంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫోటో దిగి, సోడా తాగి వెళ్ళిపోతారు. నువ్వు తలెత్తు. 16వ శతాబ్ది విజయనగర కాలపు బొమ్మలు మండపం కప్పు నిండా ఉన్నాయి. కాసేపు ఏమీ కనబడదు, బయటి ఎండ కళ్ళలోంచి దిగాలి. ముందు గీత తేలుతుంది, నల్లగా, ఎక్కడా తడబడకుండా. తర్వాత కావిరంగు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. నీలం కోసం వెతుకు, దాదాపు దొరకదు. అది లేకుండానే పెళ్ళి సందడి వేశారు, పంది కోసం శివుడూ అర్జునుడూ పోట్లాడుకోవడం వేశారు, సభలు వేశారు. నీ చెయ్యి పిండే నీలం గురించి అప్పుడు ఆలోచించుకో. ఆడవాళ్ళ చీరల మీది చారలూ గళ్ళూ పువ్వులూ ఒక పూట చూడు. ఇంకో మాట, అవి ఒకచోట నిలబడి చూసే బొమ్మలు కావు. బొమ్మల పట్టీ పొడుగునా తలెత్తుకుని నడవాలి, నడిస్తేనే కథ జరుగుతుంది. పుస్తకంలో అచ్చేసిన లేపాక్షిలో ఆ నడక ఉండదు, మెడనొప్పీ ఉండదు.

తర్వాత శ్రీకాళహస్తి. కలంకారీ పనివాళ్ళు తమ అరుగు మీద కూర్చోనిస్తే కూర్చో. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండేస్తారు. పాలు ఎందుకంటే రంగు పాకకుండా. కలం అంటే వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారం కట్టింది. ఉన్నిని వేళ్ళతో నొక్కినకొద్దీ రంగు దిగుతుంది, ఆ నొక్కుడులో తేడా వస్తే మరకే. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో ఊరబెట్టి నలుపు తీస్తారు. గీసినప్పుడు పలచగా ఉండి, గుడ్డలోని కరక్కాయ తగిలాక నల్లబడుతుంది. చెరపడానికి వీల్లేదు. మీది కంప్యూటర్లో వెనక్కి తిప్పుకునే తరం కదా. వెనక్కి తిరగని గీత గీసేవాడు కలం ఆనించే ముందు ఎంతసేపు ఆగుతాడో దగ్గరగా చూడాల్సిందే.

ఫోను వద్దనను, దారికీ మీ అమ్మతో మాట్లాడటానికీ కావాలి. బొమ్మ ముందు మాత్రం సంచిలో ఉండాలి; ఫోటో తీయకు, చేత్తో గీసుకో. డెలాక్రువా అనే ఫ్రెంచి చిత్రకారుడు 1832లో దౌత్యవేత్తల వెంట మొరాకో వెళ్ళి, కొన్ని నెలలు ఉత్తర ఆఫ్రికాలో తిరిగాడు. నోటుపుస్తకాల నిండా గీతలు, నీటిరంగులు, పక్కన ఏది ఏ రంగో రాతలు. అల్జీర్స్ స్త్రీల బొమ్మ 1834లో గాని బయటికి రాలేదు. 1863లో పోయేదాకా ఆ నెలల సంపాదనే వాడుకుంటూ వచ్చాడు. కాబట్టి తిరిగొచ్చిన వారానికే 'లేపాక్షి సిరీస్' అంటూ పది బొమ్మలు గోడకెక్కించకు.

అతనిలో నాకు నచ్చనిదీ ఒకటుంది. ఫ్రెంచి సైన్యం అల్జీర్స్‌ని పట్టుకున్న రెండేళ్ళకే అక్కడ అడుగుపెట్టాడు. అక్కడి ఆడవాళ్ళ గదిలోకి అతన్ని పోనిచ్చింది కుంచె ఒక్కటే కాదు, దాని వెనకున్న తుపాకీ కూడా. నీ వెనక తుపాకీ లేకపోయినా పట్నం చదువుంది. సంతలో ముసలమ్మ ముడతలు నీకు బొమ్మ కావచ్చు, ఆవిడకి అది మొహం. అడిగి గీయి. వద్దంటే పుస్తకం మూసెయ్యి. గంటసేపు కూర్చోబెడితే పోయిన బేరానికి డబ్బివ్వు. గీశాక చూపించు, "నా ముక్కు ఇలా ఉందా?" అంటే వాదించకు, ఇంకోసారి చూడు. ఎవరింటి అరుగు మీదో నేర్చుకున్న నమూనాని నీ పేరుతో చొక్కాల మీద అచ్చేసి అమ్మకు. ఇది మర్యాద సంగతి కాదు, దొంగతనం సంగతి.

తిరగనివాళ్ళు గొప్పవాళ్ళు కాలేదా అంటావు. అయ్యారు. ఇటలీలో మొరాండీ బొలోన్యాలోనే కూర్చుని సీసాలూ గిన్నెలూ వేశాడు, అరవై దాటాకే దేశం దాటాడు. మన చిత్రకారుడు సంజీవదేవ్ గారు వయసులో హిమాలయాలు తిరిగి, కులూ లోయలో చిత్రకారుడు రోరిక్ ఇంట ఉండి, ఆపైన సొంతూరు తుమ్మపూడిలో స్థిరపడ్డారు. తిరిగే వయసులో తిరిగారు, కూర్చునే వయసులో కూర్చున్నారు. నీది తిరిగే వయసు. ఆ వయసులోనే తిరిగిన చిత్రకారుడు దామెర్ల రామారావుని రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చేరదీశాడు. ఆ కుర్రాడు బొంబాయిలో చదివాడు, అజంతా చూశాడు, గుజరాత్ తిరిగాడు, గోదావరి ఒడ్డుకొచ్చి తెలుగు జీవితాన్ని బొమ్మ కట్టాడు. 1925లో మశూచితో పోయాడు, 28 ఏళ్ళు నిండకుండానే. తర్వాత చూద్దాంలే అనుకునే మనిషైతే రాజమండ్రిలో ఇవాళ ఆయన పేరున్న గ్యాలరీలో గోడలే మిగిలేవి.

పారిస్‌కి కూడా వెళ్దువుగాని. వెళ్ళినప్పుడు ఒక ఊరు, ఒక మ్యూజియం, కనీసం ఒక నెల. ఈసారికి లేపాక్షి, కాళహస్తి, అక్కణ్ణించి అజంతా, ఎల్లోరా చాలు. మీ అమ్మ భయం సంగతి నాకొదిలెయ్, నేను మాట్లాడతాను. అర్ధరాత్రి దిగే బస్సులకు టికెట్ తీసుకోకు. అజంతా గుహలు సోమవారం మూసి ఉంటాయి, ఎల్లోరా మంగళవారం. అది చూసుకుని బయలుదేరు.

ఇట్లు,
మామయ్య